కల్తీ కల్లు మత్తుపై తెలుగులో హెవీ మెటల్ పాట కట్టడం ఎలా?

మత్తు వద్దని చెప్పే పాటలను కళాజాత బృందాలు ఊరూరా పాడుతూనే ఉన్నాయి. అదే మాటను డిస్టార్షన్ (శబ్దాన్ని బరకగా మార్చే ఎఫెక్ట్) గిటార్‌తో చెప్పాలనుకునే నల్లగొండ, పాలమూరు కుర్రాళ్ల కోసం ఈ పద్ధతి. గిటార్, బేస్, డ్రమ్స్, ఒక డప్పు, ఇద్దరు గాయకులు ఉంటే చాలు.

ముందు విషయం తేల్చుకోండి. గంజాయి, మత్తు బిళ్లలు, మందు అన్నీ ఒకే పాటలో కుక్కితే అది ప్రభుత్వ ప్రకటనలా తయారవుతుంది. దక్షిణ తెలంగాణలో మనవాళ్లకు దగ్గరగా తెలిసిన గోస కల్తీ కల్లు. అల్ప్రాజోలం, డయాజెపామ్, సీహెచ్ అని పిలిచే క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలిపి అమ్మే కల్లు అది. ఈత చెట్టో తాటి చెట్టో ఎక్కి గీసిన కల్లుకూ దీనికీ పోలికే లేదు. ఈ తేడా మొదటి చరణంలోనే తెలియాలి. లేకపోతే పాట గీత కార్మికుడి మీద నింద అవుతుంది, అది అన్యాయం.

తర్వాత, పాడేది ఎవరి గొంతు? ‘తాగకు తమ్ముడూ’ అంటూ బయటివాడు బోధిస్తే తాగేవాడు చెవి మూసుకుంటాడు. మెటాలికా 1986 నాటి ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’లో మత్తే యజమానిగా మాట్లాడుతుంది. ఈ పద్ధతి మెటల్‌కు బాగా నప్పుతుంది, ఎందుకంటే బొంగురు గొంతుకు ఒక పాత్ర దొరుకుతుంది. చరణం కల్తీ కల్లుది, పల్లవి తల్లిది అనుకోండి.

ఇక సాహిత్యం. ఎక్కువ పాటలు ఇక్కడే చెడతాయి. ఇంగ్లిష్ మెటల్ బాణీ మీద తెలుగు మాటలు పేరిస్తే అచ్చులు సాగిపోయి రిఫ్ (గిటార్ మళ్లీ మళ్లీ వాయించే చిన్న వరుస) పదును పోతుంది. రిఫ్‌కు ద్విత్వాక్షరాలు కావాలి: మత్తు, అప్పు, రెక్క, బుక్క. ఇవన్నీ గురువు (రెండు మాత్రల అక్షరం) తర్వాత లఘువు (ఒక మాత్ర అక్షరం), అంటే మూడు మాత్రలు. మాత్ర అంటే ఇక్కడ పలికే కాలానికి కొలత. అలాంటివి నాలుగు కలిస్తే పన్నెండు మాత్రలు, సరిగ్గా ఒక 12/8 బార్ (తాళంలో ఒక చుట్టు). ఉదాహరణకు:

రెక్క నాది, లెక్క నాది
బుక్క నాది, నిద్ర నాది
నువ్వెవరివి? నువ్వెవరివి?

పంక్తికి ఒక బార్. మూడో పంక్తిలోనూ మాత్రలు పన్నెండే, కానీ లఘువులు ఎక్కువ కాబట్టి తరుముతున్నట్టు వినిపిస్తుంది. పల్లవి ఇంత సూటిగా ఉంటే చాలు: ‘లే బిడ్డా, దవాఖానకు పోదాం’. దీన్ని సాగదీసి, డిస్టార్షన్ తగ్గించి, మామూలు గొంతుతో పాడాలి.

గిటార్‌ను డ్రాప్ డీకి దించండి. ఆరో తీగను ఈ నుంచి డీకి వదులు చేస్తే చాలు, మామూలు తీగలే పనికొస్తాయి. ఒక్క వేలితో పవర్ కార్డు (రెండు మూడు తీగలు కలిపి మోగించే స్వరాలు) పడుతుంది. అరచేతి అంచును బ్రిడ్జి మీద ఆనించి, గురువుకు ఓపెన్ డీని (ఎక్కడా నొక్కని ఆరో తీగను) రెండు మాత్రలు, లఘువుకు ఒక మాత్ర కొట్టండి. రెండో ‘నాది’ దగ్గర ఒకటో ఫ్రెట్‌కు వెళ్లి మళ్లీ డీకి రండి. షడ్జమం (స) పక్కనే శుద్ధ రిషభం (దానికి అతి దగ్గరి రి) తగిలినప్పుడు పుట్టే భయం అక్కడ వినపడుతుంది. వేగం నిమిషానికి 80 బీట్లు (మూడు మాత్రలకు ఒక బీట్), అంటే బార్‌కు మూడు సెకన్లు. ఇంకా పెంచితే మాటలు అర్థం కావు.

డప్పు అలంకారం కోసం కాదు. చిర్రతో (లావు పుల్ల) ప్రతి మూడు మాత్రల మొదట్లో గట్టి దెబ్బ, సన్నని సిటికెన పుల్లతో మిగతా రెండూ. తోలు డప్పును వేదిక ఎక్కే ముందు మంట దగ్గర కాచాలి. వానాకాలం గాలికి తోలు వదులై ‘కణకణ’ పోయి ‘దబదబ’ మిగులుతుంది. గిటార్ గెయిన్ (డిస్టార్షన్ పెంచే మీట) పూర్తిగా తిప్పితే డప్పు వినపడదు, సగానికి తగ్గించండి.

పాటకు గుండెకాయ మాత్రం మత్తు దొరకని రాత్రి. 2015లో ఆబ్కారీ దాడుల వల్ల కల్తీ కల్లు ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు మహబూబ్‌నగర్ ఆసుపత్రికి చాలామంది వణుకుతో, ఫిట్స్‌తో, పొంతన లేని మాటలతో వచ్చారు. అల్ప్రాజోలం అలవాటైన శరీరానికి అది హఠాత్తుగా అందకపోతే ఫిట్స్ వస్తాయి, ప్రాణం కూడా పోవచ్చు. అందుకే డాక్టర్లు మోతాదును మెల్లమెల్లగా తగ్గిస్తారు. కాబట్టి ‘ఇయ్యాల్నే సీసా పగలగొట్టు’ లాంటి పంక్తి ఎంత ఊపుగా ఉన్నా రాయొద్దు. దాన్ని నమ్మి మానేసినవాడు ఇంట్లోనే పడిపోతాడు. దవాఖాన పల్లవిలోనే ఉండాలనడం ఇందుకే.

ఈ భాగంలో గిటార్లు ఆపేసి డప్పు ఒక్కటే ఉంచండి. ఎనిమిది బార్ల పాటు పన్నెండో మాత్రను తీసేసి పదకొండు మాత్రలకే తిరిగి మొదలుపెట్టండి. వినేవాడికి కాలు తడబడినట్టు అనిపిస్తుంది. బ్యాండ్ కూడా తప్పిపోతుంది కాబట్టి మొదటి మాత్ర మీద చిర్ర దెబ్బ మాత్రం మానొద్దు. ఎనిమిదో బార్ అయ్యాక తల్లి గొంతు ఒంటరిగా రావాలి.

బొంగురు గొంతుకు పది నిమిషాలు సిద్ధం కండి, గోరువెచ్చని నీళ్లు దగ్గర పెట్టుకోండి. గొంతు మండితే ఆపేయాలి. బలం పొట్ట నుంచి రావాలి తప్ప గొంతు పిసికి కాదు. ఫోన్‌లో రికార్డు చేసి, సాహిత్యం చూడని ఒకరికి వినిపించి విన్నది రాయమనండి. పల్లవి మొత్తం, చరణంలో సగమైనా రాయలేకపోతే గిటార్ ఇంకా తగ్గించాలి.

ఎక్కడ దొరుకుతుంది, ఎంత కలుపుతారు అన్న వివరాలు పాటలో వద్దు. మత్తు ఎక్కిన హాయి మీద సోలో కూడా పెట్టొద్దు. జనానికి గుర్తుండేది అదే అవుతుంది.

ఆరుబయట మైకు పెడితే పోలీసు అనుమతి తీసుకుని, రాత్రి 10 గంటల లోపు ముగించండి. పాట అయిన వెంటనే మరో పాట ఎత్తుకోకుండా రెండు నంబర్లు నిదానంగా రెండుసార్లు చెప్పండి: వ్యసన విముక్తికి 14446, మానసిక సాయానికి టెలీ మానస్ 14416. వేదిక పక్కన ఒకరిని నిలబెట్టి, జిల్లా ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగం ఓపీ రోజులు, వేళలు రాసిన చీటీలు వాళ్ల చేతికివ్వండి. అడగడానికి వచ్చేవాళ్లు మైకు దగ్గరికి రారు.