ఛాతీ నొప్పి రోగిని అడగవలసిన తీరు, గుండెను గమనించవలసిన తీరు

ఛాతీ నొప్పితో చేరిన మనిషిని "నొప్పి 0 నుంచి 10 వరకు అంకెల్లో ఎంత?" అని అడగ్గానే మన వార్డుల్లో చాలామంది తెల్లబోయి చూస్తారు. ముందు నొప్పి ఎలా ఉందో వారి మాటల్లోనే చెప్పనివ్వాలి. పోటు, సలుపు, మంట, పట్టేసినట్లుండడం ఒకటి కావు. "గుండె మీద బండ పెట్టినట్లుందమ్మా" అన్నప్పుడు కేస్ షీటులో ఆ మాటే రాయాలి. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎడమ చేతికి గాని దవడకు గాని పాకుతున్నదా, చెమటలు, ఆయాసం ఉన్నాయా అని తెలుసుకున్నాక అంకె అడగవచ్చు. గ్యాసేనని రోగి తేల్చేసినా మనం తేల్చకూడదు. మధుమేహం ఉన్నవారికి, వృద్ధులకు గుండెపోటు నొప్పి లేకుండా వట్టి ఆయాసంగానే రావచ్చు.

ఈ ప్రశ్నల కోసం ఈసీజీ ఆగకూడదు. రోగి వచ్చిన 10 నిమిషాలలోపు అది తీసి డాక్టరుకు చూపించాలి కనుక, తెర వేసి, ఛాతీ మీది చెమట తుడిచి, ఎలక్ట్రోడ్లు అతికిస్తూనే మాట్లాడాలి. ఎలక్ట్రోడ్లు పెట్టే పక్కటెముకల సందులను కంటితో అంచనా వేయడం నాకు సమ్మతం కాదు. గొంతు గుంట నుంచి వేలిని కిందికి జారిస్తే రొమ్ము ఎముక మీద చిన్న గట్టు తగులుతుంది. దాని పక్కనున్నది రెండవ పక్కటెముక, ఆ కిందిది రెండవ సందు. అక్కడి నుంచి లెక్కించి నాలుగవ సందులో, రొమ్ము ఎముకకు కుడి అంచున వీ1 అనే ఎలక్ట్రోడ్, ఎడమ అంచున వీ2 పెట్టాలి. ఐదవ సందులో, కాలర్ ఎముక నడిమి నుంచి దిగే గీత మీద వీ4, దానికీ వీ2కూ మధ్య వీ3, వీ4 మట్టంలోనే చంక వైపు వీ5, వీ6 వస్తాయి.

మానిటర్‌లో గుండె వేగం కనిపిస్తున్నా మణికట్టు దగ్గర నాడి పట్టి చూడాలి, ఎందుకంటే గుండె లయ తప్పినప్పుడు ప్రతి దెబ్బా నాడి దాకా చేరదు. నాడి పెరగలేదు కనుక నొప్పి లేదనుకోవడం పెద్ద పొరపాటు. గుండె వేగాన్ని తగ్గించే మెటోప్రోలాల్ వంటి మందు వాడేవారిలో ఎంత నొప్పి ఉన్నా వేగం పెరగకపోవచ్చు. వెంటిలేటర్ మీద ఉండి మాట్లాడలేని రోగికైతే ముఖం ముడుచుకోవడం, కాళ్లు చేతుల కదలిక, కండరాల బిగువు, యంత్రంతో పెనుగులాడడం చూసి ఒక్కొక్కదానికి 0 నుంచి 2 వరకు అంకె వేస్తారు.

మందు ఇచ్చాక మళ్లీ అదే కొలతతో అడగాలి. నొప్పి తిరిగి వస్తే, అది ఉండగానే మరొక ఈసీజీ తీయాలి. నొప్పి తగ్గాక తీసినదానిలో, నొప్పి వేళ ఈసీజీలో వచ్చిన మార్పు కనిపించకుండా పోవచ్చు.