సెమకావు దీవికి బర్డ్ వాచింగ్ ట్రిప్, అప్లై చేసే పద్ధతి ఇదీ

సింగపూర్‌లో ఉన్న మనవాళ్ళు సెంటోసా, జూ, బర్డ్ పారడైజ్ అన్నీ తిరిగేశాక అడిగే ప్రశ్న, పులావ్ సెమకావుకి (పులావ్ అంటే మలయ్ భాషలో దీవి) టికెట్ ఎక్కడ కొనాలి అని. టికెట్ కౌంటరే లేదండీ, పబ్లిక్ ఫెర్రీ కూడా లేదు. అది ఇప్పటికీ పని జరుగుతున్న ల్యాండ్‌ఫిల్, అంటే చెత్త పూడ్చే చోటు, సింగపూర్ ప్రభుత్వ సంస్థ నేషనల్ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ (అందరూ ఎన్ఈఏ అంటారు) చేతిలో ఉంటుంది, కాబట్టి సొంతంగా బోటు మాట్లాడుకుని వెళ్ళి దిగేద్దాం అంటే కుదరదు, ముందుగా పర్మిషన్ ఉండాల్సిందే.

లోపలికి రెండు దారులున్నాయి, ముందు మీరు ఏ దారిలో వెళ్తున్నారో తేల్చుకోండి. స్కూలు, కాలేజీ, ఆఫీసు, ఏదైనా సంఘం తరఫున గ్రూపుగా వెళ్తుంటే నేరుగా ఎన్ఈఏ వెబ్‌సైట్‌లో విజిట్ కోసం రిక్వెస్ట్ పెట్టాలి. ఇందులో చెత్త ఏమవుతుంది, బూడిద ఎక్కడికి వస్తుంది అన్నదే ఎక్కువ చెప్తారు, పక్షులు కనపడితే మన అదృష్టం. మీరు ఒక్కరో, ఇద్దరో, పిల్లలతో ఫ్యామిలీయో అయితే రెండో దారి పట్టండి. 2005 నుంచి ప్రకృతి మీద ఇష్టం ఉన్న గ్రూపుల్ని దీవిలోకి రానిస్తున్నారు, పక్షుల కోసమైతే నేచర్ సొసైటీ (సింగపూర్ ప్రకృతి ప్రేమికుల సంఘం), సముద్రం వెనక్కి తగ్గినప్పుడు తీరం వెంట నడిచి పీతలూ స్టార్‌ఫిష్‌లూ చూడాలంటే లీ కాంగ్ చియాన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం. వాళ్ళు ట్రిప్ పెట్టినప్పుడు రిజిస్టర్ చేసుకోవడమే, పర్మిషన్ గొడవ వాళ్ళే చూసుకుంటారు. నా ఓటు దీనికే, ఎందుకంటే గైడ్ పక్కన లేకపోతే మన కంటికి అన్నీ కొంగలే.

ఫామ్ మొదలుపెట్టే ముందే పేర్ల లిస్టు రెడీ చేసుకోండి. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలుంటే వాళ్ళ పేరు పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో అచ్చం అలాగే కొట్టండి, మన ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట ఒట్టి ఇనీషియల్, ఇదంతా చూసి అక్కడివాళ్ళు తికమక పడతారు. తేదీ ఒక్కటే ఇవ్వకుండా రెండు మూడు రాయండి. గ్రూప్ లీడర్ ఫోన్ నంబర్ మాత్రం నిజంగా ఫోన్ ఎత్తే మనిషిదే ఇవ్వండి బాబూ. బోటు ఎక్కడ ఎక్కాలి, ఎన్నింటికి రావాలి, ఫీజు ఉందా అన్నవి కన్ఫర్మేషన్ మెయిల్‌లో చూసుకుని అదే ఫాలో అవ్వండి, పాత వాట్సాప్ ఫార్వర్డ్ నమ్ముకుని వేరే పియర్‌కి వెళ్తే బోటు ఆగదు.

తేదీ దగ్గరే చాలామంది లాంగ్ వీకెండ్ చూస్తారు గానీ చూడాల్సింది ఆటుపోట్లు, సీజన్. వలస పక్షుల కోసమైతే సెప్టెంబర్ నుంచి మార్చి లోపు పెట్టుకోండి. తీరం నడకకి బాగా పోటు తగ్గిన టైమ్ కావాలి, అది తెల్లవారుజామున పడినా లేవాల్సిందే. ఎక్కువమంది వెతికేది గ్రేట్ బిల్డ్ హెరాన్‌ని, మీటరు పైనే ఎత్తుండే బూడిదరంగు కొంగ, సింగపూర్‌లో అరుదు. దాని చుట్టమే మన చెరువుల దగ్గర కనిపించే నారాయణ పక్షి, అదీ అక్కడ ఉంటుంది. తల ఎత్తితే తెల్లపొట్ట సముద్రపు గద్దలు, గరుడ పక్షులు.

చెత్త దీవి కదా, కంపు కొట్టదా అని అడక్కండి, కొట్టదు. సింగపూర్‌లో కాల్చగలిగే చెత్తని ముందే కాల్చేస్తారు, వాల్యూమ్ దాదాపు 90 శాతం తగ్గిపోతుంది, మిగిలిన బూడిదా కాలని సామానూ సింగపూర్ పడమటి కొసన ఉన్న తువాస్ నుంచి బార్జ్‌ల (సరుకు మోసే చదును పడవలు) మీద ఇక్కడికి చేరతాయి. సెమకావు, సకెంగ్ అనే రెండు దీవుల మధ్య సముద్రాన్ని 7 కిలోమీటర్ల రాతికట్టతో చుట్టేసి, లోపలివైపు నీళ్ళు బయటికి ఊరకుండా పొరలు వేసి, 1999లో మొదలుపెట్టారు, మొత్తం 350 హెక్టార్లు. కట్టడంలో పోయిన మడ చెట్లకి బదులు కొత్తవి నాటారు, వాటి వల్ల ఇంకో పని కూడా జరుగుతుంది, కట్ట ఎక్కడైనా లీక్ అయితే ముందు ఆ మొక్కలే చెడిపోయి తెలియజేస్తాయి. గైడ్‌ని ఆ మడ అడవి చూపించమని అడగండి, అడగకపోతే చాలా గ్రూపులు బస్సులోంచే చూసి వచ్చేస్తాయి.

దీవిలో షాపు లేదు, హోటల్ లేదు. నీళ్ళు, తిండి, టోపీ, బైనాక్యులర్స్ అన్నీ మనమే మోసుకెళ్ళాలి, పులిహోర డబ్బా పెట్టుకెళ్తే మాత్రం ఖాళీ డబ్బా, ప్లేట్లు తిరిగి తెచ్చేయండి. తీరం నడక ఉంటే మడమ మూసే బూట్లు వేసుకోండి, చెప్పులతో వద్దు. గవ్వలు జేబులో వేసుకోకండి, పిల్లలకి బోటెక్కక ముందే చెప్పి ఉంచండి. ఉరుములు మెరుపులు వస్తే బోటు క్యాన్సిల్ అయ్యే ఛాన్స్ ఉంది, అందుకే రిజిస్టర్ చేసేటప్పుడే వాన పడితే వేరే తేదీ ఇస్తారా, డబ్బు వెనక్కిస్తారా అని అడిగి మెయిల్‌లో రాయించుకోండి.