పిల్లలతో హిమాలయ నడక: దేవరియా తాల్, తుంగనాథ్ దారులకు సన్నాహం

మైదానంలో పుట్టి పెరిగిన పిల్లలను తొలిసారి హిమాలయాలకు నడిపించాలనుకునే తల్లిదండ్రులు, గౌరీకుండ్ నుంచి కేదార్‌నాథ్‌కు 16 కిలోమీటర్లకు పైగా సాగే ఎక్కుడును పక్కన పెట్టి, ఉత్తరాఖండ్‌లో అదే రుద్రప్రయాగ జిల్లాలోని రెండు చిన్న దారులను ఎంచుకోవడం మేలు. సారీ గ్రామం నుంచి దేవరియా తాల్ సరస్సుకు సుమారు 2.5 కిలోమీటర్లు, చోప్తా నుంచి తుంగనాథ్ ఆలయానికి దాదాపు 4 కిలోమీటర్ల రాతి బాట. ఈ దారుల్లో పిల్లలు ఎక్కడ అలసిపోయినా అక్కడి నుంచే వెనక్కి తిరిగి, చీకటి పడేలోగా బసకు చేరవచ్చు.

మే నెల, లేదా వానలు తగ్గాక అక్టోబరు అనుకూలం. జూలై, ఆగస్టులలో కొండచరియలు విరిగిపడి రోడ్లు మూసుకుపోతుంటాయి కనుక ఆ నెలలు వద్దు. హరిద్వార్ నుంచి ఈ దారులకు దగ్గరి పట్టణమైన ఊఖీమఠ్ చేరడానికి ఒక పగలంతా పడుతుంది; మలుపుల దారిలో పిల్లలకు వాంతులవుతాయి కాబట్టి ఆ రోజు కడుపు నిండా పెట్టవద్దు, మరునాడే నడక మొదలుపెట్టవద్దు.

అసలు జాగ్రత్త ఎత్తు విషయంలో. దేవరియా తాల్ సుమారు 2,400 మీటర్లు, చోప్తా దాదాపు 2,700, తుంగనాథ్ 3,680. ఎత్తు వల్ల వచ్చే అస్వస్థత సాధారణంగా 2,500 మీటర్లు దాటాక మొదలవుతుంది, పగలు ఎంత ఎత్తుకు వెళ్లామన్నదానితో పాటు రాత్రి ఎక్కడ పడుకున్నామన్నదీ ముఖ్యమే. అందుచేత రెండు రాత్రులు సారీలో ఉండి దేవరియా తాల్ చూసి, తర్వాత చోప్తాకు మారి, తుంగనాథ్‌కు వెళ్లిన రోజే కిందికి దిగిరావాలి. తలనొప్పిగా ఉందని చెప్పలేని పసిబిడ్డ ఉంటే చోప్తాలో రాత్రి బస మానుకుని సారీతోనే సరిపెట్టుకోవాలని నా అభిప్రాయం. చిన్నపిల్లల్లో ఈ అస్వస్థత అకారణమైన పేచీగా, అన్నం వద్దనడంగా, వాంతిగా, నిద్ర పట్టకపోవడంగా బయటపడుతుంది. దాన్ని మారాం అనుకుని పైకి నడిపించకూడదు. మత్తుగా పడి ఉన్నా, అడుగులు తడబడినా, కూర్చున్నప్పుడు సైతం ఆయాసపడుతున్నా రాత్రయినా సరే వెంటనే కిందికి దింపి వైద్యుడికి చూపాలి. మాత్రలు వాడే విషయం ప్రయాణానికి ముందే పిల్లల వైద్యుడితో మాట్లాడి తేల్చుకోండి.

బిడ్డను వీపున మోసే వారికి నీళ్ల సీసా తప్ప మరో బరువు ఉండకూడదు. మిగిలిన సంచి రెండవ వారిది. నడిచే పిల్లల సంచిలో చిరుతిండి, వాన కోటు, ఒక ఈల చాలు, తప్పిపోతే నిలబడిన చోటే ఆగి ఈల ఊదాలని ముందే నేర్పాలి. ఎత్తు 1,000 మీటర్లు పెరిగితే చలి సుమారు 6 డిగ్రీలు పెరుగుతుంది. చెమటకు తడిసిన నూలు బనియను ఒంటిని చల్లబరుస్తుంది కనుక లోపల త్వరగా ఆరే బట్ట, పైన ఉన్ని, ఆపైన గాలి చొరని కోటు వేయండి. వీపున కూర్చున్న బిడ్డ కదలడు, అందువల్ల మీకు చెమట పడుతున్నప్పుడే వాడికి కాళ్లు కొంకర్లు పోతుండవచ్చు. తరచూ ఆగి పాదాలు తాకి చూడాలి.

తిండికి సున్నుండలు, పల్లీ చిక్కీ, వేయించిన అటుకులు, ఇంట్లోనే తాలింపు పెట్టి వేయించుకున్న ఉప్మా రవ్వ బాగా పనికొస్తాయి. ఈ ఎత్తులో నీరు తక్కువ వేడికే మరుగుతుంది, కాబట్టి కుక్కర్ లేకుండా పప్పు త్వరగా ఉడకదు, తాగే నీటిని మూడు నిమిషాలు మరగనివ్వాలి.

నడక ఉదయమే ప్రారంభించి, మధ్యాహ్నం 12 గంటలకు ఎక్కడ ఉంటే అక్కడి నుంచి తిరగండి. ఆ తర్వాత మబ్బు కమ్మడం మామూలే. తెల్లవారుజామున తుంగనాథ్‌కు పైనున్న చంద్రశిల శిఖరం ఎక్కే ముచ్చట పిల్లలు పెద్దయ్యాక తీర్చుకోవచ్చు. దిగేటప్పుడు రాతి పలకలు జారుతాయి కనుక పిల్లలను కొండ వైపు నడిపించి, లోయ వైపు మీరు నడవండి. గుర్రాలు ఎదురైతే కొండ వైపే ఒదిగి అవి దాటిపోయేదాకా ఆగండి.