సొంత షెల్‌ని టెస్ట్ చేస్తున్నారా? సీడీని నమ్మకండి

మొన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో మూడో సంవత్సరం కుర్రాడి హోమ్ డైరెక్టరీ ఊడ్చిపెట్టుకుపోయింది. ల్యాబ్ ప్రోగ్రాములు, మినీ ప్రాజెక్టు, రికార్డు కోసం దాచుకున్న అవుట్‌పుట్లు, ఏవీ మిగల్లేదు. వైరస్ కాదు, హ్యాకింగ్ కాదు. ఓఎస్ ల్యాబ్ అసైన్‌మెంట్ కోసం సీ భాషలో తనే రాసుకున్న చిన్న షెల్‌ని (మనం కొట్టే కమాండ్లని చదివి నడిపే ప్రోగ్రామ్) తనే రాసుకున్న టెస్ట్ స్క్రిప్ట్‌తో నడిపాడు, అంతే. ఆ స్క్రిప్ట్ చివర మూడు లైన్లున్నాయి: టెస్ట్ ఫోల్డర్‌లోకి సీడీ (డైరెక్టరీ మార్చే కమాండ్), తర్వాత ఆర్ఎం మైనస్ ఆర్ఎఫ్ స్టార్ (ఉన్నచోట ఉన్నవన్నీ అడక్కుండా తుడిచేది), ఆ తర్వాత "అన్నీ పాస్" అని ఎకో. సీడీ పనిచెయ్యలేదు. మిగతా రెండూ పనిచేశాయి. పాపం, స్టార్‌ని ఫైళ్ల పేర్లుగా విడగొట్టే కోడ్ మాత్రం భేషుగ్గా రాశాడు. చుక్కతో మొదలయ్యే ఫైళ్లు స్టార్‌కి చిక్కవు కాబట్టి అవి మిగిలాయి. ఖాళీ డైరెక్టరీలో బాష్ఆర్‌సీ లాంటి సెట్టింగుల ఫైల్ ఉండి ఏం లాభం?

ఇప్పుడు ఇంటర్నల్స్, ల్యాబ్ ఎగ్జామ్స్ దగ్గరపడ్డాయి. చాలామంది ఇదే పనిలో ఉంటారు. బ్యాకప్ పెట్టుకోండి, రూట్ లాగిన్‌తో నడపకండి లాంటివి మీ సారు చెప్పే ఉంటారు, అవి వదిలేస్తున్నా. నేను చెప్పేది ప్రధానంగా ఒక్కటే: సీడీ పడిపోయినా తర్వాతి లైను ఆగదు. బిల్ట్-ఇన్ కమాండ్లలో, అంటే షెల్ తన లోపలే నడిపేవాటిలో, ఎన్ని తప్పులైనా ఉండనివ్వండి, మార్కులు పోతాయి. ఈ ఒక్క తప్పుతో మాత్రం ఫైళ్లు పోతాయి.

అసలు అక్కడ జరిగిందేంటి

ప్రతి ప్రాసెస్‌కీ (నడుస్తున్న ప్రోగ్రామ్‌కి) తానున్న డైరెక్టరీ తనదే. సీహెచ్‌డిర్ అనే సిస్టమ్ కాల్ దాన్ని పిలిచిన ప్రాసెస్‌కే డైరెక్టరీ మారుస్తుంది, తల్లి ప్రాసెస్‌ని ముట్టుకోదు. సీడీ బిల్ట్-ఇన్‌గా ఉండాల్సిన కారణం ఇదే. కానీ మొదటిసారి షెల్ రాసేవాళ్లు ఏ కమాండ్ వచ్చినా ముందు ఫోర్క్ చేసి, అంటే తనలాంటి ఇంకో ప్రాసెస్‌ని (చైల్డ్‌ని) పుట్టించి, ఆ చైల్డ్‌లోకి వెళ్లాక అది బిల్ట్-ఇన్నా కాదా అని చూస్తారు. అప్పుడు చైల్డ్ చక్కగా టెస్ట్ ఫోల్డర్‌లోకి వెళ్తుంది, సున్నా ఎగ్జిట్ కోడ్ (అంటే సక్సెస్) ఇస్తుంది, చచ్చిపోతుంది. షెల్ ఎక్కడుందో అక్కడే ఉంటుంది.

ఇక్కడ ఆ సున్నాని గమనించండి. "సీడీ తర్వాత || ఎగ్జిట్ 1 (ఫెయిలైతే ఆగిపో అని) పెడితే చాలు" అని ప్రతి ఒక్కరూ చెప్తారు. మామూలు షెల్‌లో ఆ మాట నిజం. మీరు టెస్ట్ చేస్తున్న షెల్‌లో అది మిమ్మల్ని కాపాడదు, ఎందుకంటే సక్సెస్ అని చెప్తున్నది తప్పున్న ఆ షెల్లే. పరీక్ష రాసినవాడి చేతికే దిద్దే పెన్ను ఇచ్చినట్టు.

ఎక్కడున్నామో చెప్పే పీడబ్ల్యూడీతో చూసుకున్నాం కదా అంటారా? అది కూడా మీ షెల్ బిల్ట్-ఇన్నే. చాలామంది రాసే పీడబ్ల్యూడీ ఆ పేరుతోనే ఉన్న వేరియబుల్‌ని ప్రింట్ చేసి ఊరుకుంటుంది. సీడీ ఆ వేరియబుల్‌ని ముందే మార్చేసి, ఆపైన సీహెచ్‌డిర్ ఫెయిలైతే, స్క్రీన్ మీద ఒక చోటు కనిపిస్తుంది, మీరుండేది ఇంకో చోట. అందుకని బయటి ప్రోగ్రామ్‌ని అడగండి: బిన్ డైరెక్టరీలోని పీడబ్ల్యూడీని పూర్తి పాత్‌తో, మైనస్ పీ ఇచ్చి. అది మీ షెల్ నుంచి పుట్టిన చైల్డ్‌గా నడుస్తుంది కాబట్టి షెల్ నిజంగా ఎక్కడుందో అదే చెప్తుంది.

అసలు మందు ఇంకోటుంది. టెస్ట్ చేస్తున్న షెల్‌తో క్లీనప్ చేయించకండి. ఎంకేటెంప్ మైనస్ డీతో తాత్కాలిక ఫోల్డర్‌ని బాష్ (లినక్స్‌లో మామూలుగా వాడే షెల్) తయారు చెయ్యాలి, దాని పూర్తి పాత్ బాష్ దగ్గరే ఉండాలి, చివర్లో ఆ పూర్తి పాత్ ఇచ్చి బాషే తుడవాలి. ఉత్త స్టార్‌తో ఎప్పుడూ తుడవకండి. మీ షెల్‌కి ఇచ్చే ఇన్‌పుట్‌లో ఆర్ఎం అనే మాటే ఉండకూడదు.

మంచి షెల్లయినా అంతే

ఇదేదో సొంత షెల్ రాసేవాళ్ల గొడవ అనుకోకండి. బాష్‌లో సీడీకి కోట్స్ లేకుండా వేరియబుల్ ఇచ్చారనుకుందాం, ఆ వేరియబుల్ ఖాళీ. ఆర్గ్యుమెంట్ లేని సీడీ అవుతుంది, నేరుగా హోమ్‌కి తీసుకెళ్తుంది, సున్నా ఇస్తుంది. || ఎగ్జిట్ పెట్టినా ఆగదు. కోట్స్ పెట్టారనుకోండి, చాలా బాష్ వెర్షన్లలో ఖాళీ స్ట్రింగ్‌తో సీడీ ఉన్నచోటే ఉండి మళ్లీ సున్నానే ఇస్తుంది. సెట్ మైనస్ యూ కూడా ఇక్కడ పనికిరాదు. అది అసలు సెట్ చెయ్యని వేరియబుల్‌ని పడుతుంది, సెట్ చేసి ఖాళీగా వదిలినదాన్ని పట్టదు. రెంటినీ పట్టాలంటే వేరియబుల్ పేరు తర్వాత బ్రేసుల్లోపల :? రాయండి. ఖాళీ అయితే స్క్రిప్ట్ అక్కడికక్కడే ఆగుతుంది.

పైపు గురించి కూడా చెప్పాలి. లాగ్ ఫైల్లో పడుతుంది కదా అని సీడీ అవుట్‌పుట్‌ని టీ కమాండ్‌కి (వచ్చినదాన్ని ఫైల్లోనూ రాసేది) పైపు చేస్తారు. బాష్‌లో పైపులోని ప్రతి భాగం సబ్‌షెల్‌లో (షెల్ పుట్టించే విడి కాపీలో) నడుస్తుంది. సీడీ ఆ సబ్‌షెల్‌లో జరిగిపోయి దాంతోనే పోతుంది, ఎగ్జిట్ కోడ్ టీది వస్తుంది. మళ్లీ అదే కథ: సున్నా వచ్చింది, చోటు మారలేదు.

ఎంత పెద్దవాళ్లకైనా తప్పలేదు. 2015 జనవరిలో వాల్వ్ కంపెనీ గేముల సాఫ్ట్‌వేర్ స్టీమ్‌కి చెందిన లినక్స్ స్క్రిప్ట్ కొందరి ఫైళ్లన్నీ తుడిచేసింది. స్క్రిప్ట్ ఉన్న డైరెక్టరీలోకి సీడీ చేసి, ఆ పాత్‌ని ఒక వేరియబుల్‌లో పట్టుకునే లైను అది. సీడీ ఫెయిలైతే వేరియబుల్ ఖాళీ. కింద ఆ వేరియబుల్ తర్వాత స్లాష్, స్టార్ పెట్టి ఆర్ఎం మైనస్ ఆర్ఎఫ్ ఉంది. వేరియబుల్ ఖాళీ అయితే మిగిలేది స్లాష్, స్టార్. ఆ లైను దగ్గర "స్కేరీ!" అని కామెంట్ రాసిపెట్టారు కూడా. భయం వేసినవాళ్లు కామెంట్ రాసే బదులు చెక్ రాసి ఉంటే సరిపోయేది.

పాస్ అయిందని ఎవరన్నారు

టెస్ట్ చేస్తున్నది బిల్ట్-ఇన్నేనా అని ముందు చూసుకోండి. ఎకో, టెస్ట్, ప్రింట్ఎఫ్, కిల్, పీడబ్ల్యూడీ, ట్రూ, ఫాల్స్ రెండు రకాలుగానూ ఉంటాయి, షెల్ లోపల ఒకటి, డిస్క్ మీద ఒకటి. టైమ్‌అవుట్ పెట్టో ఎక్స్‌ఆర్గ్స్ ద్వారానో పిలిస్తే నడిచేది డిస్క్ మీదిది. మీ బిల్ట్-ఇన్‌లో ఎన్ని తప్పులున్నా టెస్ట్ పచ్చగానే కనిపిస్తుంది. టైమ్‌అవుట్ కావాలంటే షెల్ మొత్తానికి పెట్టండి, లోపలి కమాండ్‌కి కాదు. బాష్‌లో ఏది ఎక్కడుందో టైప్ మైనస్ ఏ చెప్తుంది. విచ్‌ని అడగకండి.

ఎగ్జిట్ కోడ్ 0 నుంచి 255 వరకే. ఫెయిలైన టెస్టుల సంఖ్యనే ఎగ్జిట్ కోడ్‌గా ఇచ్చేవాళ్లున్నారు. 256 ఫెయిలైతే సున్నా వస్తుంది, అంటే పాస్.

యూనిక్స్ తరహా సిస్టమ్‌ల కోసం ఉన్న పోసిక్స్ ప్రమాణంలో స్పెషల్ బిల్ట్-ఇన్లని 15 ఉన్నాయి. సెట్, షిఫ్ట్, అన్‌సెట్, రీడ్‌ఓన్లీ, ఎగ్జెక్, డాట్, ట్రాప్ వంటివి. వీటిలో ఎర్రర్ వస్తే స్క్రిప్ట్ నడిపే షెల్లే ఆగిపోవచ్చు. డ్యాష్ అనే షెల్ నిజంగానే ఆగుతుంది. లేని ఫైల్‌ని డాట్‌తో పిలిచి చూడండి, ఆ లైనుతోనే స్క్రిప్ట్ ముగుస్తుంది. తర్వాతి టెస్టులు నడవవు, నడవనివి ఫెయిల్ అవవు, మీ లెక్కలో "ఫెయిల్ 0" అని పడుతుంది. అందుకే మొదటి లైనులోనే ఎన్ని టెస్టులున్నాయో ప్రింట్ చేసి, చివర్లో ఎన్ని నడిచాయో సరిచూడండి. అలాంటి టెస్ట్ ఒక్కోదాన్నీ విడి ప్రాసెస్‌లో నడపండి.

ఇక మిగిలినవి. వరస లేదు, ఒక్కటీ దాటెయ్యకండి.

- సీడీపాత్ వేరియబుల్‌ని (సీడీ వెతికే చోట్ల జాబితా) టెస్టుకి ముందు అన్‌సెట్ చెయ్యండి. అది ఉంటే సీడీ మీరు అనుకోని చోటికి వెళ్తుంది, సక్సెస్ అంటుంది.
- సెట్ మైనస్ ఈ (కమాండ్ ఫెయిలైతే స్క్రిప్ట్‌ని ఆపేది) ఉంది కదా అని ధీమా వద్దు. ఇఫ్ కండిషన్‌లో, &&, || ముందు అది పనిచెయ్యదు. లోకల్, ఎక్స్‌పోర్ట్ లైనులోనే సబ్‌స్టిట్యూషన్ రాస్తే లోపలి ఫెయిల్యూర్‌ని అవి మింగేస్తాయి.
- స్క్వేర్ బ్రాకెట్ టెస్టులో > రాయకండి. అది పోలిక కాదు, రీడైరెక్షన్. 5 > 3 అని రాస్తే 3 అనే ఫైల్ పుడుతుంది. కుడివైపు వేరియబుల్‌లో మీ ఫైల్ పేరుంటే ఆ ఫైల్ ఖాళీ అవుతుంది. పెద్దదా చిన్నదా చూడాలంటే మైనస్ జీటీ.
- వేరియబుల్‌కి కోట్స్ పెట్టండి.
- ఎకో మైనస్ ఈ, ఎకో మైనస్ ఎన్ మీద టెస్టులు కట్టకండి. ఉబుంటులో ఎస్‌హెచ్ అంటే 6.10 వెర్షన్ నుంచీ డ్యాష్, అందులో మైనస్ ఈ కూడా అచ్చయి వస్తుంది. ప్రింట్ఎఫ్ వాడండి.
- మీ షెల్‌లో ఎగ్జిట్ కొట్టినా పోవట్లేదా, రెండు మూడు సార్లు కొట్టాల్సి వస్తోందా? ఎగ్జెక్ (చైల్డ్‌లో అసలు ప్రోగ్రామ్‌ని ఎక్కించే కాల్) ఫెయిలైన చైల్డ్ చావకుండా లూప్‌లోకి తిరిగొచ్చింది. తప్పు కమాండ్ కొట్టిన ప్రతిసారీ ఇంకో షెల్ పుడుతోంది. ఇప్పుడే ఆపి సరిచెయ్యండి.
- ఆ చైల్డ్‌ని చంపేటప్పుడు _ఎగ్జిట్ వాడండి, ఉత్త ఎగ్జిట్ కాదు. ఉత్తదైతే ఇన్‌పుట్ బఫర్ గొడవ వల్ల స్క్రిప్ట్‌లో నడిచిపోయిన లైన్లు మళ్లీ నడవొచ్చు. అందులో ఆర్ఎం ఉంటే?
- యులిమిట్ మైనస్ యూతో ప్రాసెస్‌లకి హద్దు పెట్టకుండా ఫోర్క్ టెస్టులు మొదలుపెట్టకండి. సబ్‌షెల్‌లోనే పెట్టండి. ఒకసారి తగ్గించిన హార్డ్ లిమిట్‌ని ఆ షెల్‌లో మామూలు యూజర్ మళ్లీ పెంచలేడు.
- కిల్ బిల్ట్-ఇన్‌లో ఏటీఓఐ (అక్షరాల్ని సంఖ్యగా మార్చే సీ ఫంక్షన్) వాడొద్దు. అంకె కానిది ఇస్తే సున్నా వస్తుంది. కిల్‌కి సున్నా అంటే మీ ప్రాసెస్ గ్రూప్ మొత్తం.
- ఫోర్క్ ఫెయిలైతే మైనస్ 1. దాన్నే పీఐడీ (ప్రాసెస్ నంబరు) అనుకుని కిల్‌కి ఇస్తే మీ పేరు మీదున్న ప్రాసెస్‌లన్నీ పోతాయి, లాగిన్‌తో సహా. చెక్ చెయ్యండి.
- రీడ్‌ఓన్లీ టెస్టు సబ్‌షెల్‌లో. యూమాస్క్ టెస్టు సబ్‌షెల్‌లో. ఎగ్జెక్ టెస్టు సబ్‌షెల్‌లో.
- స్క్రిప్ట్ నడుస్తుండగా దాన్ని ఎడిట్ చెయ్యకండి. బాష్ ఫైల్‌ని మొత్తం ఒకేసారి చదివి పెట్టుకోదు, నడుస్తూ చదువుతుంది. 2021 డిసెంబరులో జపాన్‌లోని క్యోటో యూనివర్సిటీ సూపర్ కంప్యూటర్‌లో, నడుస్తున్న స్క్రిప్ట్ మీద కొత్త వెర్షన్ రాసేసరికి వేరియబుల్ విలువ లేకుండానే తుడిచే లైను నడిచింది. దాదాపు 77 టెరాబైట్ల పరిశోధన డేటా పోయింది.
- పక్కవాడి టెస్ట్ స్క్రిప్ట్ తెచ్చుకుని చదవకుండా నడపకండి. వాడి ఫోల్డర్ పేరు మీ మెషీన్‌లో ఉండదు. సీడీ పడిపోతుంది. తర్వాతి లైను ఆగదు.
- ఎగ్జామినర్ పక్కన నిల్చుని ఉండగా కొత్త క్లీనప్ లైను రాయకండి. టెన్షన్‌లో సీడీ చెక్ చెయ్యరు.
- పొరపాటున తుడిచేస్తే టెర్మినల్ మూయకండి, ఎడిటర్ మూయకండి, మెషీన్ రీస్టార్ట్ చెయ్యకండి. ఎడిటర్‌లో తెరిచి ఉన్న ఫైల్‌ని వెంటనే వేరే డిస్క్ మీదో పెన్‌డ్రైవ్‌లోనో సేవ్ చెయ్యండి. ఏదైనా ప్రాసెస్ ఇంకా తెరిచి పట్టుకున్న ఫైల్ అయితే లినక్స్‌లో ప్రాక్ కింద ఆ పీఐడీ ఫోల్డర్‌లోని ఎఫ్‌డీ నుంచి కాపీ చేసుకోవచ్చు, ఆ ప్రాసెస్ బతికున్నంత వరకే. ఆ డిస్క్ మీద ఇంకేమీ రాయకుండా వెళ్లి ల్యాబ్ అడ్మిన్‌ని పిలవండి.