సెన్సర్ రోబో ఎలా కట్టాలి? కోడ్ సంగతి తర్వాత, ముందు కరెంటు చూడండి

ఏటా మార్చి వచ్చిందంటే మా ఈసీఈ ల్యాబ్‌లో ఒకటే సీను. నలుగురు పిల్లలు ఓ అట్టపెట్టె మోసుకుని వస్తారు. అందులో ఒక బండి, దాని నెత్తిన సేమ్యా కుమ్మరించినట్టు జంపర్ వైర్లు (పిన్నుల్లోకి గుచ్చే సన్న తీగలు). "అన్నా, రాత్రి హాస్టల్ల మంచిగనే నడిచింది, ఇప్పుడు నడుస్తలేదు, కోడ్‌ల ఏదో తేడా ఉంది, జర చూడవా" అంటారు. కోడ్ తెరిస్తే పెద్ద తప్పేమీ కనిపించదు. బండిని తిరగేస్తే కింద 9 వోల్టుల డబ్బా బ్యాటరీ ఒకటి టేపు వేసి అతికించి ఉంటుంది. ఇక నేను చూడాల్సిందేమీ లేదు.

పన్నెండేళ్ళుగా ఈ ప్రాజెక్టు రోబోలే చూస్తున్నాను, చేయించాను, ఒకట్రెండు చేసిచ్చాను కూడా (మా హెచ్ఓడీకి చెప్పకండి). అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయి ఇలా రాసిపెడుతున్నాను. మనం కట్టబోయే సెన్సర్ రోబో ఫోన్‌తోనో రిమోట్‌తోనో నడిపే చిన్న బండి. ధాన్యం గోడౌన్‌లో బస్తాల వరసల మధ్య మనిషి దూరలేని సందుల్లోకి పోవాలి, అక్కడ వేడి, తేమ, గ్యాస్ ఎలా ఉన్నాయో చెప్పాలి, ఎదురుగా ఏదైనా అడ్డొస్తే ఆగాలి. ఇంతకు మించి పెట్టుకోవద్దు. అబ్‌స్ట్రాక్ట్‌లో (ప్రాజెక్టు సారాంశంలో) బొగ్గు గనులు, భూకంపాలు, సరిహద్దులో సైన్యం అంటూ రాయడం ఒక జబ్బు. గనుల్లోకి వెళ్ళే కరెంటు సామానుకు ధన్‌బాద్‌లోని గనుల భద్రతా డైరెక్టరేట్ లెక్కలు వేరే ఉంటాయి, మీ గ్యాస్ సెన్సర్ లోపల ఎప్పుడూ కాలుతూ ఉండే హీటర్ ఉంటుంది, వైవాలో బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ ఆ ఒక్క ప్రశ్న అడిగితే నలుగురూ నేల చూస్తారు. గోడౌన్ అని రాయండి, గోడౌన్‌లోనే తిప్పి చూపించండి.

ముందు కాగితం

ఒక ఏ4 కాగితం తీసుకుని ఏ వైరు ఏ పిన్నుకి వెళ్తుందో రాయండి. సామాను కొనకముందే. బండికి మెదడుగా ఈఎస్‌పీ32 బోర్డు (వైఫై లోపలే ఉన్న చిన్న కంట్రోలర్) వాడుతున్నారనుకుంటున్నాను, ఆర్డినో ఊనో మీద వైఫై మాడ్యూల్ తగిలించే రోజులు పోయాయి. ఈ బోర్డులో 34 నుంచి 39 వరకూ ఉన్న పిన్నులు లోపలికి తీసుకోవడానికే, బయటికి ఏమీ పంపవు. 6 నుంచి 11 వరకూ అసలు ముట్టుకోవద్దు, అవి బోర్డు మెమరీకి పోతాయి. ఇక అనలాగ్ పిన్నులు (వోల్టేజి ఎంతుందో కొలిచేవి) రెండు గుంపులు, వాటిలో రెండో గుంపు (4, 25, 26, 27 లాంటివి) వైఫై ఆన్ చేయగానే రీడింగ్ ఇవ్వడం మానేస్తుంది. "విడిగా టెస్ట్ చేస్తే వచ్చింది, అన్నీ కలిపితే రావట్లేదు" అనే ఫిర్యాదులో సగం ఇదే. గ్యాస్ సెన్సర్‌ని 34కి పెట్టండి, మారు మాట్లాడకండి.

పని పంచుకునేటప్పుడు ఒకరు హార్డ్‌వేర్, ఒకరు కోడ్, ఒకరు పీపీటీ, ఒకరు సమోసాలు అని పంచుకోకండి. రివ్యూ రోజు హార్డ్‌వేర్ చేసినవాడికి జ్వరం వస్తుంది, ఖాయం. ఆ కాగితం చూసి నలుగురిలో ఎవరైనా మొత్తం వైర్లు పీకి మళ్ళీ పెట్టగలగాలి.

సామాను, బండి

హైదరాబాద్ వాళ్ళకి కోఠి గుజరాతీ గల్లీ ఉంది, మిగతావాళ్ళు ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. పసుపుపచ్చ బీఓ మోటార్లు రెండు (గేర్లున్న చిన్న ప్లాస్టిక్ మోటార్లు), ముందు ఎటైనా తిరిగే ఒక గుండ్రటి కాస్టర్ చక్రం, టీబీ6612 మోటార్ డ్రైవర్ (బోర్డు మాట విని మోటార్లకు కరెంటు ఇచ్చేది), 18650 సెల్స్ రెండు (మళ్ళీ ఛార్జ్ చేసుకునే లిథియం సెల్స్), వాటి హోల్డరు, ఎల్ఎం2596 బక్ కన్వర్టర్ (వోల్టేజి తగ్గించేది), 3 ఆంపుల ఫ్యూజు, స్విచ్చు, కొన్ని కెపాసిటర్లు, వేడికీ తేమకీ డీహెచ్‌టీ22, గ్యాస్‌కి ఎంక్యూ-2, శబ్దంతో అడ్డు కనిపెట్టడానికి హెచ్‌సీ-ఎస్ఆర్04. మల్టీమీటర్ లేకపోతే ముందు అది కొనండి, మిగతావి తర్వాత. సెల్ మీద 9800 ఎంఏహెచ్ (ఛార్జ్ ఎంత పడుతుందో చెప్పే కొలత) అని రాసి ఉంటే అక్కడే వదిలేసి రండి, ఆ సైజులో మంచి సెల్ కూడా మామూలుగా 3500 దగ్గరే ఆగుతుంది.

నాలుగు చక్రాలు ఎందుకొద్దంటే, అలాంటి బండి మలుపు తిరగాలంటే టైర్లు నేల మీద అడ్డంగా ఈడ్చుకుపోవాలి, అప్పుడు మోటార్లు మామూలు కంటే చాలా ఎక్కువ కరెంటు లాగుతాయి. రెండు చక్రాలు, కాస్టర్, అంతే. నాలుగు ఉంటే జీపులా గంభీరంగా ఉంటుందని వాదించేవాళ్ళతో నేను వాదించను. ఛాసిస్‌కి మరలు బిగించడం గురించి చెప్పేదేమీ లేదు, కాకపోతే గోనెసంచుల పోగులు ఇరుసుకి చుట్టుకుంటాయి, చక్రం లోపలివైపు ప్లాస్టిక్ బిళ్ళ ఒకటి కత్తిరించి పెట్టండి.

ఇక్కడ ఆగండి: కరెంటు

రోబోలు చచ్చేది ఇక్కడే. ఈ భాగం రెండుసార్లు చదవండి.

మోటారు కదలడం మొదలుపెట్టిన క్షణంలోనూ, చక్రం ఇరుక్కుపోయినప్పుడూ మామూలుగా తిరిగేటప్పటికంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. అదే సమయంలో ఈఎస్‌పీ32 వైఫై మీద ఏదైనా పంపుతుంటే అది కూడా ఓ పావు ఆంపు దాకా లాగుతుంది. డబ్బా బ్యాటరీకి అంత శక్తి లేదు, దాని వోల్టేజి కుప్పకూలుతుంది, బోర్డు రీసెట్ అవుతుంది, ఫోన్ కనెక్షన్ పోతుంది. చూసేవాళ్ళకి మాత్రం "వైఫై తెగిపోతోంది" అని కనిపిస్తుంది. దాంతో రెండు రోజులు వైఫై కోడ్ మార్చుకుంటూ కూర్చుంటారు.

రెండో తప్పు ఎల్298ఎన్ అనే పాత మోటార్ డ్రైవర్ మీద ఉండే 5 వోల్టుల పిన్ను నుంచి ఈఎస్‌పీ32కి కరెంటు ఇవ్వడం. యూట్యూబ్‌లో చాలామంది ఇలాగే చూపిస్తారు. ఆ పిన్ను వెనక ఉన్న రెగ్యులేటర్ సరిగ్గా 5 ఇవ్వాలంటే లోపలికి 7 వోల్టులైనా రావాలి. మీ రెండు సెల్స్ నిండుగా ఉంటే 8.4, కాస్త వాడాక 7.4, మోటార్లు లాగినప్పుడు ఇంకా కిందికి. అందుకే నిండు ఛార్జింగ్‌తో హాస్టల్లో నడుస్తుంది, మర్నాడు మధ్యాహ్నం ల్యాబ్‌లో నడవదు. పైగా ఆ పాత డ్రైవర్ దగ్గరే దాదాపు 2 వోల్టులు వేడిగా పోతాయి. టీబీ6612తో ఆ నష్టం చాలా తక్కువ, కాబట్టి మోటార్లకు వోల్టేజి ఎక్కువ చేరుతుంది, కోడ్‌లో వేగం 70 శాతం దాటకుండా కట్టేయండి, ఈ మోటార్లు 6 వోల్టులవి.

బ్యాటరీ ప్లస్ నుంచి వచ్చే తీగకి మొదట ఫ్యూజు, తర్వాత స్విచ్చు. స్విచ్చు దాటాక రెండుగా చీల్చండి. ఒక పాయ మోటార్ డ్రైవర్‌కి, రెండోది బక్ కన్వర్టర్‌కి. మైనస్ తీగలు కూడా అలాగే రెండూ విడివిడిగా వచ్చి బ్యాటరీ మైనస్ దగ్గరే కలవాలి. డ్రైవర్ గ్రౌండు (అంటే మైనస్), ఈఎస్‌పీ32 గ్రౌండు అసలు కలవకపోతే మోటార్లు పిచ్చిగా తిరుగుతాయి లేదా తిరగనే తిరగవు. అలాగని మోటార్ కరెంటంతా ఒక సన్నటి జంపర్ వైరు గుండా, బ్రెడ్‌బోర్డు (వైర్లు గుచ్చే చిల్లుల పలక) మీదుగా పోయేలా కలిపితే సెన్సర్ రీడింగులు గంతులేస్తాయి. మోటార్ కరెంటు బ్రెడ్‌బోర్డు మీదికి రాకూడదు. ఇక్కడ సోల్డరింగ్ చేయండి, లేదా మర బిగించే టెర్మినల్ వాడండి. సెల్ మీద మాత్రం నేరుగా సోల్డరింగ్ ఐరన్ పెట్టకండి, ఆ పని చేసి సెల్ పొగలొస్తే కారిడార్‌లోకి విసిరేసిన బ్యాచ్ ఒకటి నాకు తెలుసు.

ఇప్పుడు బక్ కన్వర్టర్. దీని అవుట్‌పుట్‌కి ఏమీ తగిలించకుండా బ్యాటరీ పెట్టండి, మల్టీమీటర్ రెండు కొసలూ అవుట్‌పుట్ మీద పెట్టండి. కొత్త మాడ్యూల్ అయితే బ్యాటరీ వోల్టేజి ఎంతో దాదాపు అంతా బయటికి వస్తుంటుంది. నీలం డబ్బా మీద ఉన్న చిన్న ఇత్తడి మరని ఎడమవైపుకి తిప్పండి. ఒక చుట్టు, రెండు, ఐదు, ఎనిమిది, మీటర్ కదలదు. ఇక్కడే అందరూ "మాడ్యూల్ పోయింది" అనుకుని కుడివైపుకి తిప్పడం మొదలుపెడతారు. పోలేదు, ఆ మర బోలెడు చుట్లు తిరుగుతుంది, ఓపిగ్గా తిప్పుతూ ఉంటే ఎక్కడో ఒకచోట అంకె దిగడం మొదలవుతుంది. 5.1 దగ్గర ఆపండి. ఆపాక మర మీద గోళ్ళ రంగు చుక్క ఒకటి వేయండి. ఎందుకంటే మీ బ్యాచ్‌లో ఒకడు ఖాళీగా కూర్చుని స్క్రూడ్రైవర్‌తో దాన్ని తిప్పుతాడు, బోర్డుకి 8 వోల్టులు పోతాయి, బోర్డు పోతుంది.

అప్పుడు ఆ 5.1ని ఈఎస్‌పీ32 విన్ (VIN) పిన్నుకి, అంటే కరెంటు లోపలికి తీసుకునే పిన్నుకి ఇవ్వండి. దాని పక్కనే 470 మైక్రోఫారడ్ కెపాసిటర్, డ్రైవర్ కరెంటు తీసుకునే చోట 1000, తెల్ల చార ఉన్న కాలు మైనస్. ఒక్కో మోటార్ రెండు కాళ్ళ మధ్య 104 అని రాసి ఉండే చిన్న సిరామిక్ కెపాసిటర్. రెండు రూపాయల వస్తువు, రెండు రోజుల తలనొప్పి తగ్గిస్తుంది.

సరే, పరీక్ష. ల్యాప్‌టాప్ కేబుల్ పెట్టి ఉంచి పరీక్షించడం అందరూ చేసే మోసం, తమని తామే మోసం చేసుకోవడం. కేబుల్ ఉన్నంతసేపూ బోర్డుని ల్యాప్‌టాప్ కరెంటు ఆదుకుంటుంది, బ్యాటరీ సంగతి బయటపడదు. కేబుల్ తీసేయండి. కోడ్‌లో సెటప్ భాగంలో మొట్టమొదట బోర్డు లైటు మూడుసార్లు మెరిసేలా రాయండి. బండిని నడిపి, ఒక చక్రాన్ని చేత్తో ఒక్క క్షణం గట్టిగా పట్టుకుని వదిలేయండి. అటు ముందుకీ ఇటు వెనక్కీ టక్కున మార్చి చూడండి. ఆ లైటు మళ్ళీ మూడుసార్లు మెరిసిందా, బోర్డు రీసెట్ అయినట్టే. మల్టీమీటర్ ఈ పడిపోవడాన్ని పట్టుకోలేదు, అది జరిగేది రెప్పపాటులో. లైటు పట్టిస్తుంది. ఇరవైసార్లు చేయండి, ఒక్కసారి మెరిసినా ముందుకి పోవద్దు, సెన్సర్లు పెట్టొద్దు.

ఇంటర్నెట్‌లో దీనికి ఒక చిట్కా దొరుకుతుంది, వోల్టేజి పడిపోతే రీసెట్ చేసే బ్రౌనౌట్ కాపలాని కోడ్‌లో ఒక్క లైన్‌తో ఆపేయడం. జ్వరం వచ్చిందని థర్మామీటర్ పగలగొట్టినట్టు ఉంటుంది. అది ఆపిన బండి రీసెట్ అవ్వదు, ఊరికే మొరాయిస్తుంది.

సెన్సర్లు

హెచ్‌సీ-ఎస్ఆర్04 ఎకో పిన్ను (రీడింగ్ బయటికి పంపేది) 5 వోల్టులు పంపుతుంది, ఈఎస్‌పీ32 పిన్ను తట్టుకునేది 3.3. మధ్యలో 10కే, 20కే రెసిస్టర్లతో విభజించి ఇవ్వండి, గ్యాస్ సెన్సర్ అనలాగ్ అవుట్‌పుట్‌కి కూడా అంతే. "మాది అలాగే పెట్టాం, పనిచేస్తోంది" అంటారు. ఇవాళ పనిచేస్తుంది. ఈ సెన్సర్‌కి ఇంకో బలహీనత, గోనెసంచిలాంటి మెత్తటి వాటి నుంచి, ఏటవాలుగా ఉన్నవాటి నుంచి శబ్దం సరిగ్గా తిరిగి రాదు, గోడ ముందు పరీక్షించి ఊరుకోకుండా బస్తా ముందు పెట్టి చూడండి.

వేడి కొలిచే సెన్సర్‌ని డ్రైవర్ పక్కన పెట్టకండి. ఏసీ వేసిన ల్యాబ్‌లో 41 డిగ్రీలు చూపిస్తుంటే బ్యాచ్ మొత్తం "క్యాలిబ్రేషన్" అంటూ కోడ్‌లో పదిహేను తీసేశారు ఒకసారి. అది కొలిచింది బోర్డు వేడి. ఒక జానెడు ప్లాస్టిక్ గొట్టం నిలబెట్టి దాని కొసకి పెట్టండి. ఎంక్యూ-2 కొత్తదైతే మొదటిసారి ఒక రోజంతా కరెంటు ఇచ్చి ఉంచండి, ఆ తర్వాత వాడే ప్రతిసారీ కొన్ని నిమిషాలు వేడెక్కనివ్వండి. దాని అంకెని పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో గ్యాస్ ఎన్ని వంతులు) అని పిలవకండి, పెరిగింది, తగ్గింది అని మాత్రమే చెప్పండి.

నడపడం

కోడ్ అప్‌లోడ్ అయిందని కేకలేస్తారు, ఇల్లు అలకగానే పండగ కాదు. డీహెచ్‌టీ22 రెండు సెకన్లకోసారే రీడింగ్ ఇస్తుంది కదా అని లూప్‌లో రెండు సెకన్ల డిలే పెడితే ఆ రెండు సెకన్లూ బండికి చెవులు ఉండవు, మీరు ఆపు అన్నా పోతూనే ఉంటుంది. డిలే మానేసి, ఎంత సమయం గడిచిందో చెప్పే మిల్లిస్ (millis)తో రాయండి. ఇంకోటి, అర సెకను పాటు ఏ ఆదేశమూ రాకపోతే మోటార్లు ఆగిపోవాలి. ఈ నాలుగు లైన్లు లేని బండి ఒకటి మా సెమినార్ హాల్లో కనెక్షన్ తెగి, స్టేజీ అంచు దాటి, ముందు వరసలో కూర్చున్న పెద్దాయన ఒళ్ళో పడబోయింది.

హెచ్‌సీ-05 అనే బ్లూటూత్ మాడ్యూల్ బాగానే ఉంటుంది, ఐఫోన్‌తో మాత్రం కలవదు. నా మాట అడిగితే బండి నడపడానికి స్టిక్కులున్న మామూలు ఆర్‌సీ రిమోట్, రీడింగులకి ఫోన్. గాజు తెర మీద బటన్ నొక్కుతూ బండి నడపడం నడపడం కాదు, వేలి కింద బటన్ ఉందో లేదో చూసుకోవడానికే కళ్ళు సరిపోతాయి. డబ్బులు లేకపోతే ఈఎస్‌పీ32తోనే సొంత వైఫై పెట్టించి ఫోన్‌లో 192.168.4.1 తెరవండి. కాలేజీ వైఫై మీద ఆధారపడకండి.

డెమో రోజు ఫోన్‌లో మొబైల్ డేటా ఆపేయండి. ఆపకపోతే ఈ వైఫైలో ఇంటర్నెట్ లేదని ఫోన్ దానంతట అదే డేటా మీదికి మారిపోతుంది, అదీ సరిగ్గా మీ నంబరు పిలిచినప్పుడే. నిండా ఛార్జ్ చేసిన సెల్స్ ఇంకో జత జేబులో ఉంచుకోండి, కానీ తాళాలు ఉన్న జేబులో కాదు, షార్ట్ అవుతాయి. డెమో అయ్యాక ఫొటోల హడావిడిలో మర్చిపోకుండా సెల్స్ హోల్డరులోంచి తీసేయండి. వోల్టేజి మరీ కిందికి పడనిస్తే సెల్స్ పాడవుతాయి, వచ్చే ఏడు జూనియర్లు అవే పట్టుకుని మళ్ళీ నా దగ్గరికి వస్తారు.