చూడకుండా 'ఇన్ సైట్' అనకండి: ల్యాండింగ్‌కు వచ్చేటప్పుడు జాగ్రత్తలు

పోయిన వారం విమానం నడపడం నేర్చుకుంటున్న ఒక స్టూడెంట్‌తో సర్క్యూట్లు (రన్‌వే చుట్టూ తిరిగి వచ్చి దిగడం) కొడుతున్నాను. డౌన్‌విండ్‌లో, అంటే రన్‌వే పక్కగా దిగే దిక్కుకు ఎదురు దిక్కులో వెళ్తుండగా, కంట్రోల్ టవర్ నుంచి కాల్ వచ్చింది: ఫైనల్‌లో (రన్‌వేకు సూటిగా దిగే చివరి దారిలో) సెస్నా అనే చిన్న విమానం ఉంది, దాని వెనక రండి అని. మావాడు అటు తల తిప్పాడో లేదో "ట్రాఫిక్ ఇన్ సైట్" (ఆ విమానం కనబడింది) అనేశాడు. "ఏదీ, చూపించు" అన్నాను. వేలు పెట్టి చూపించాడు. అది అప్పటికే దిగిపోయి రన్‌వే ఖాళీ చేస్తున్న వేరే విమానం. మేం ఎవరి వెనక వెళ్లాలో ఆ సెస్నా ఇంకా ఫైనల్‌లోనే ఉంది. మాకంటే కిందగా, ఇళ్ల కప్పుల రంగులో కలిసిపోయి ఉంది. నేను పక్కన లేకపోతే దాని నెత్తి మీదికే బేస్ (డౌన్‌విండ్ నుంచి ఫైనల్ వైపు వెళ్లే మలుపు) తిరిగేవాడు.

గట్టిగా తిట్టడానికి నాకు మొహం చెల్లలేదు. నేర్చుకునే రోజుల్లో నేనూ ఆ మాట చాలాసార్లు ఊరికే అనేశాను.

వాతావరణం తెరిపి ఇచ్చింది. ఇక సర్క్యూట్‌లో ఒకేసారి ఐదారు విమానాలు తిరుగుతాయి. చెక్‌లిస్టు చదవండి, లైట్లు వేసుకోండి, కాల్స్ స్పష్టంగా ఇవ్వండి లాంటివి మీకు మొదటి నెలలోనే చెప్పి ఉంటారు, వాటి జోలికి పోను. నేను చెప్పేది ఒక్కటే: కనబడనిదాన్ని కనబడింది అనకండి.

ఆ మాట అన్నాక ఏం జరుగుతుందో చూడండి. మీరు 'ఇన్ సైట్' అన్నారు, కంట్రోలర్ 'దాని వెనక రండి' అన్నాడు. ఇక ఆ విమానానికీ మీకూ మధ్య ఎడం చూసుకోవాల్సింది మీరే. అప్పటిదాకా మీ ఇద్దరి మీద ఉన్న ఆయన దృష్టి మూడో విమానం మీదికి పోతుంది. టవర్ లేని చోట ఇంకా ఘోరం. అవతలి పైలట్ మీ మాట నమ్మి మిమ్మల్ని వెతకడం మానేస్తాడు. మీరు చూడలేదు, ఆయన చూడటం లేదు.

కనబడకపోతే 'లుకింగ్' (వెతుకుతున్నాను) అనండి, లేదా 'నెగటివ్ కాంటాక్ట్' (కనబడలేదు) అనండి. పరువేమీ పోదు. బేస్ ఎప్పుడు తిరగాలో కంట్రోలరే చెబుతాడు. మావాడు నిన్న మూడుసార్లు 'లుకింగ్' అన్నాడు. మూడోసారికి అవతల గొంతులో కాస్త విసుగు వినిపించింది. వినిపించనివ్వండి.

ఒకటి కనబడినా, ఆయన చెప్పింది అదేనా అన్నది తేల్చుకోండి. చెప్పిన దిక్కులోనే ఉందా? చెప్పిన రకమేనా, హై వింగా (రెక్కలు పైన ఉన్నదా), లో వింగా (కింద ఉన్నదా)? మీరు అనుకున్న వైపే కదులుతోందా? సర్క్యూట్ నిండా తెల్లటి సెస్నాలే ఉన్న రోజు ఏదో ఒకటి కనబడటం పెద్ద విషయం కాదు.

వేగం సంగతి. 2021 మే 12న అమెరికాలో డెన్వర్ దగ్గర సెంటెనియల్ ఎయిర్‌పోర్టులో పక్కపక్క రన్‌వేలకు రెండు విమానాలు వస్తున్నాయి, ఒకటి సిరస్ ఎస్‌ఆర్22, ఇంకొకటి మెట్రోలైనర్. సిరస్ ఉండాల్సిన దానికంటే వేగంగా ఉంది. దాంతో టర్న్ పెద్దదైంది. తన ఫైనల్ దాటి పక్క రన్‌వే లైన్లోకి వెళ్లి మెట్రోలైనర్‌ను కొట్టింది. మెట్రోలైనర్ వెనక భాగంలో పైకప్పు చీలిపోయినా పైలట్ దాన్ని రన్‌వే మీదే దింపాడు. సిరస్ విమానం మొత్తాన్నీ దించే తన పారాచూట్‌తో కిందికి చేరింది. ఎవరికీ గాయం కాలేదు. సిరస్ ఎక్కడుందో మెట్రోలైనర్ పైలట్‌కు కంట్రోలర్ చెప్పలేదని దర్యాప్తులో తేలింది. మరుసటి ఏడాది జూలై 17న నార్త్ లాస్ వేగాస్‌లోనూ ఇలాగే ఒక పైపర్ విమానం తన రన్‌వే లైను దాటి పక్క రన్‌వేకు వస్తున్న సెస్నా 172ను కొట్టింది. అక్కడ నలుగురు పోయారు.

టవర్ లేని చోటుకు వాట్సన్‌విల్ ప్రమాదం గుర్తుపెట్టుకోండి. కాలిఫోర్నియాలో, 2022 ఆగస్టు 18. సెస్నా 152 సర్క్యూట్‌లో ఉంది. రెండింజన్ల సెస్నా 340 నేరుగా ఫైనల్‌కు చాలా వేగంగా వస్తోంది. ఇద్దరూ రేడియోలో మాట్లాడుతూనే ఉన్నారు. నువ్వు వేగంగా మీదికి వస్తున్నావు, నేను గో అరౌండ్ (దిగకుండా మళ్లీ పైకి పోవడం) చేస్తున్నాను అని 152 పైలట్ చెప్పాడు కూడా. అయినా ముగ్గురు చనిపోయారు. వినడం వేరు, చూడటం వేరు. చూసినా ఆలస్యంగా చూస్తే ఫలితం లేదు.

లెక్క సులువే. 60 నాట్స్ అంటే నిమిషానికి ఒక నాటికల్ మైలు. 180 నాట్స్‌తో వచ్చేవాడు 'మూడు మైళ్ల ఫైనల్' అంటే ఆయన నిమిషంలో రన్‌వే మీద ఉంటాడు. ఆ నిమిషంలో మీ చిన్న విమానం మైలు పైచిలుకు పోతుంది, అంతే. కాబట్టి మైళ్లు వినగానే మనసులో నిమిషాలు చేసుకోండి. వేగం తెలియకపోతే అడగండి.

కంటి సంగతి ఇంకొకటి. ఢీకొనే దారిలో ఉన్న విమానం అద్దంలో కదలదు. విండ్‌షీల్డ్ మీద చచ్చిన పురుగు మరకలా ఒకే చోట ఉంటుంది, చివరి క్షణాల్లో ఒక్కసారిగా పెద్దదవుతుంది. (బయల్దేరే ముందు అద్దం తుడవమని నేను చంపుకు తినేది ఇందుకే.) చుక్క కనబడి, అది విమానమని అర్థమై, చెయ్యి కదిలి, విమానం పక్కకు తిరిగేసరికి పన్నెండు సెకన్ల పైనే పడుతుందని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ పైలట్లకు చెబుతుంది. 90 నాట్స్ వేగంలో ఆలోపు మీరు అర కిలోమీటరు దాటిపోతారు.

ఇక మిగతావి వరసగా రాసేస్తున్నాను.

- బేస్ నుంచి ఫైనల్‌కు తిరిగే ముందు రన్‌వే వైపు కాదు, ఫైనల్ అవతలి చివర వైపు చూడండి. నేరుగా వచ్చేవాడు అక్కడే ఉంటాడు.
- లో వింగ్ విమానానికి కింద కనబడదు, హై వింగ్‌కు పైన కనబడదు. ఫైనల్‌లో లో వింగ్ పైన, హై వింగ్ కింద ఉంటే ఇద్దరూ గుడ్డివాళ్లే.
- ముందున్న విమానం ఫైనల్‌లో మీ రెక్కకు ఎదురుగా వచ్చి వెనక్కి దాటేదాకా బేస్ తిరగకండి.
- ఎడం చాలకపోతే డౌన్‌విండ్ పొడిగించండి. టవర్ ఉన్నచోట ముందు చెప్పండి. ఫైనల్‌లో సొంతంగా 360 (పూర్తి చుట్టు) తిరగకండి.
- ఫైనల్ లైను దాటిపోయారా? రడ్డర్ (తోక చుక్కాని) తొక్కి ముక్కు లాక్కోకండి. ఆ ఎత్తులో స్పిన్‌లోకి (గిరగిరా తిరుగుతూ పడిపోవడం) పోతే బయటపడే చోటు లేదు. పక్క రన్‌వే లేకపోతే మెల్లగా మళ్లీ లైనులోకి రండి, ఉంటే వెంటనే గో అరౌండ్.
- ఇద్దరూ ల్యాండింగ్‌కు వస్తుంటే కింద ఉన్నవాడిదే ముందు. కిందున్నాను కదా అని ఇంకొకరి ముందు దూరకూడదు, అదీ రూలే.
- పెద్ద విమానం వెనక వస్తే దాని దారి కంటే పైన ఉండండి, అది దిగిన చోటు దాటి దిగండి.
- చుట్టుపక్కల విమానాలను చూపే స్క్రీన్ మీద ఎవరూ లేకపోతే ఆకాశంలో ఎవరూ లేరని కాదు. దాని మీద కనబడేలా చేసే పరికరం లేని విమానాలుంటాయి. రేడియో లేనివీ ఉంటాయి.
- తలదించి ఫోను, టాబ్లెట్ చూడటం సర్క్యూట్‌లో వద్దు.
- పక్కన కూర్చున్నవాళ్లకు పని చెప్పండి: ఏ విమానం కనబడినా వేలు పెట్టి చూపించమనండి.
- కనబడిన విమానం మళ్లీ కంటికి అందకపోతే ఆ సంగతి వెంటనే చెప్పండి. ఇందాక 'ఇన్ సైట్' అన్నాను కదా అని ఊరుకోకండి.
- కనబడలేదా? 'ఇన్ సైట్' అనకండి.
- రన్‌వే మీద ఇంకా ఎవరైనా ఉన్నారా? ఆగి చూద్దాం అనుకోకండి. ఫుల్ పవర్, ఎత్తు తీసుకోండి. ఒకటే రన్‌వే ఉన్నచోట దాని పక్కకు కొంచెం జరిగి, కింద టేకాఫ్ అవుతున్న విమానం కిటికీలో కనబడేలా ఉంచుకోండి.