ఓడిపోయే టీమ్ కోసం తెల్లవారుజామున లేవడం ఎలా

మా వంటింట్లో గోడకి వెంకట్రామా క్యాలెండర్ వేలాడుతుంటుంది. తిథి, వర్జ్యం కింద మిగిలిన కాస్త చోటులో నేను పెన్సిలుతో రాసుకుంటాను: గ్యాస్ బండ మార్చిన రోజు, పాలబ్బాయికి ఇచ్చిన డబ్బులు, ఆ పక్కన మా టీమ్ ఓడితే "ఓ", గెలిస్తే "గె" అని ఒక అక్షరం. 2024 నవంబరు కాగితం తీసి చూస్తే అన్నీ "ఓ"లే. ఆ ఏడు కార్తీకమాసం నవంబరు 2న మొదలైంది. మా టీమ్ ఓటములూ అప్పుడే మొదలయ్యాయి. నెల్లాళ్లూ కృష్ణలో దీపాలు వదిలాను, వాళ్లు ఒక్క మ్యాచూ గెలవలేదు.

మా టీమ్ అంటే వాషింగ్టన్ విజర్డ్స్, ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్. మావాడు వర్జీనియాలో ఉంటాడు. ఫోన్ చేస్తే "తిన్నావా, అక్కడ చలిగా ఉందా" అయ్యాక ఇద్దరికీ మాటలు అయిపోయేవి. అదే ఆ టీమ్ గురించి అడిగితే అరగంట ఆపడు. నేనూ ఒకప్పుడు గుంటూరులో కాలేజీకి ఆడినదాన్నే. పొట్టిదాన్ని కాబట్టి గార్డు, అంటే వెనక నుంచి బంతి నడిపించే చోటు. దూరంగా ఒక గీత అవతల నుంచి వేస్తే రెండుకి బదులు మూడు పాయింట్లు ఇస్తారే, మేం ఆడేటప్పుడు ఇక్కడ ఆ మూడు పాయింట్ల గీత కూడా ఉండేది కాదు. అలా మళ్లీ చూడటం మొదలుపెట్టాను. ఈ మధ్య మా వీధిలో ఇద్దరు అడిగారు, రోజూ ఓడిపోయే వాళ్ల కోసం నిద్ర మానుకుని ఎలా కూర్చుంటారండీ అని. వాళ్ల పిల్లలూ అమెరికాలోనే ఉన్నారు. వాళ్ల కోసమే ఇది.

ముందు టైమ్ సంగతి తేల్చుకోవాలి. వాషింగ్టన్‌లో మ్యాచ్ మామూలుగా సాయంత్రం 7కి. మనకి అది మర్నాడు తెల్లవారుజామున 4:30, లేదా 5:30. రెండెందుకంటే వాళ్లు నవంబరు మొదటి ఆదివారం గడియారం గంట వెనక్కి తిప్పుతారు, మార్చి రెండో ఆదివారం మళ్లీ ముందుకి తిప్పుతారు. చలికాలమంతా 5:30 అనుకోండి. మొదటి ఏడు నాకిది తెలియక 4:30కే ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. గంటసేపు ఖాళీ స్టేడియం బొమ్మే. కార్తీకం కాబట్టి ఎలాగూ లేచిందే కదా అని తలస్నానం చేసి తులసికోట దగ్గర దీపం పెట్టి వచ్చాను, అప్పటికి మొదలైంది.

క్యాలెండర్ మీద రాసేటప్పుడు అక్కడి శనివారం మ్యాచ్ ఇక్కడి ఆదివారం గడిలో రాయాలి. ఈ ఒక్కటి తప్పితే సీజన్ అంతా ఒకరోజు తేడాతో లేస్తారు. టీమ్ పశ్చిమానికి వెళ్లినప్పుడు, అంటే లాస్ ఏంజిలెస్ వైపు, అక్కడి సాయంత్రం 7 మనకి చలికాలంలో ఉదయం 8:30. క్యారేజీలు సర్దే ఇళ్లలో అది కుదిరే పని కాదు. ఆ వారం స్కోరు చూసి ఊరుకోండి, తప్పేం లేదు.

ఎన్‌బీఏ మ్యాచ్‌లు ఫోన్‌లో చూడటానికి కట్టే చందా, లీగ్ పాస్, ఇక్కడా దొరుకుతుంది. మా వీధి నెట్ మాత్రం సరిగ్గా నాలుగో క్వార్టర్‌లో పోవడం నేర్చుకుంది. కాబట్టి ఫోన్‌లో డేటా మిగుల్చుకోండి, రాత్రే ఛార్జింగ్ పెట్టుకోండి.

ఇప్పుడు వంట లెక్క. క్వార్టర్ అంటే 12 నిమిషాలు అని రూలు. ఆ మాట నమ్మి స్టవ్ మీద పాలు పెట్టకండి. ఫౌళ్లు, టైమ్ అవుట్‌లు, ప్రకటనలు కలుపుకుంటే ఒక్కో క్వార్టర్ అరగంట పడుతుంది. చివరి రెండు నిమిషాలే ఒక్కోసారి పావుగంట లాగుతాయి. నిజంగా చేతికొచ్చే టైమ్ హాఫ్ టైమ్ ఒక్కటే, 15 నిమిషాలు. పెసరట్లకి అది బాగా సరిపోతుంది: పప్పు రాత్రే నానబోసి, లేవగానే అల్లం, పచ్చిమిర్చి వేసి రుబ్బిపెట్టుకుంటే హాఫ్ టైమ్‌లో మూడట్లు వస్తాయి. మా ఆయనకి రెండు, నాకొకటి. ఉల్లిపాయలు మాత్రం ముందే తరిగి పెట్టుకోండి. కళ్లు మండుతుంటే స్కోరు కనపడదు.

ముందు రోజు చూసుకోవాల్సింది దెబ్బల జాబితా. ఎవరికి మడమ నొప్పి, ఎవరికి మోకాలు అని ప్రతి టీమూ మామూలుగా మ్యాచ్‌కి ముందు రోజు వాళ్ల సాయంత్రం 5 లోపు చెప్పాలి. మనం పొద్దున లేచేసరికి వచ్చేసి ఉంటుంది. అందులో మాటలకి అర్థం నేనిలా పెట్టుకున్నాను. "అవుట్" అంటే రాడు. "డౌట్‌ఫుల్" అంటే పెళ్లికి పిలిచినప్పుడు చుట్టాలు "చూద్దాంలే" అన్నట్టు, వాళ్లకి విస్తరి వేయక్కర్లేదు. "క్వశ్చనబుల్" అంటే "వీలైతే వస్తాం" అన్నవాళ్లు. వరసగా రెండు రోజులు మ్యాచ్‌లుంటే రెండో రోజు పెద్దవాళ్లకి విశ్రాంతి ఇవ్వడం మామూలే. టీమ్ ఎలాగూ ఓడుతున్నప్పుడు ఇది చెడ్డవార్త అనుకోకండి, కుర్రాళ్లు ఎక్కువసేపు ఆడతారు.

అసలు సంగతి ఇక్కడుంది. గెలుస్తారా లేదా అని కూర్చుంటే సంక్రాంతి దాకా కూడా నిలవలేరు. ముందు రాత్రే ఒక్క విషయం ఎంచుకోవాలి, రేపు నేను ఇదొక్కటే చూస్తాను అని. నేను చూసేది బంతిని కాదు, కోర్టు మూలని. బంతి బుట్ట కిందికి దూసుకెళ్లగానే, మూలలో ఉన్న అవతలి ఆటగాణ్ని కాచే మా టీమ్ కుర్రాడు సాయానికని రెండడుగులు లోపలికి వేస్తాడు. వేయాలి కూడా. బంతి ఠక్కున మూలకి తిరిగొస్తుంది. అప్పుడు వాడు చేతులెత్తి వెనక్కి పరిగెత్తాడా, లేక ఉన్నచోటే నిలబడి చెయ్యి ఊపి ఊరుకున్నాడా? ఎదురుగా మూడు పాయింట్ల గీత 23 అడుగుల 9 అంగుళాల దూరం, మూలలో 22 అడుగులే. మూలలో ఒంటరిగా వదిలేస్తే ఎవరైనా వేస్తారు. పాత డైరీలో పరిగెత్తితే గీత, నిలబడితే సున్నా పెడతాను. మొదట్లో సున్నాలు దండలా వచ్చేవి. స్కోరులో ఏ మార్పూ లేకపోయినా ఒక్కో పొద్దున్న గీతలు పెరిగేవి. ఆ రోజు ఫోన్‌లో మావాడికి చెప్పడానికి నా దగ్గర ఒక మాట ఉండేది.

గీతలూ సున్నాలూ ఓపిక లేనివాళ్లు ఒక కుర్రాణ్ని పట్టుకోండి. 2024-25లో నేను బబ్ క్యారింగ్టన్‌ని పట్టుకున్నాను. పంతొమ్మిదేళ్ల గార్డు, మొదటి ఏడే 82 మ్యాచ్‌లకి 82 ఆడాడు. అలెక్స్ సార్ (సార్ అనేది ఇంటిపేరే) అని ఏడడుగుల పిల్లాడు కూడా ఉన్నాడు. అంత ఎత్తు పెట్టుకుని బుట్ట దగ్గరికి పోకుండా దూరం నుంచి ఎందుకు వేస్తాడో అని ఏడాదంతా మా ఆయన దగ్గర గొణిగాను.

మీ పిల్లలు మీతో ఒక వాదన చేస్తారు, దానికి సిద్ధంగా ఉండండి. "అమ్మా, ఈసారి ఓడితేనే మంచిది. అడుగున ఉంటే డ్రాఫ్ట్‌లో మంచి కుర్రాడొస్తాడు" అంటాడు మావాడు. కొత్త ఆటగాళ్లని ఎవరు ముందు ఎంచుకోవాలో లాటరీ తీస్తారు. 2025లో అట్టడుగు మూడు టీమ్‌లకీ మొదటి ఛాన్సు తగిలే వీలు సమానంగానే ఉండేది, నూటికి 14 వంతులు. చివరికి ఏమైంది? 17 గెలిచి 65 ఓడిన యూటాకి ఐదో చోటు వచ్చింది. 18 గెలిచి 64 ఓడిన మాకు ఆరోది. నూటికి రెండు వంతులు కూడా ఆశ లేని డాలస్‌కి మొదటిది తగిలింది. ఓటమిని బ్యాంకులో వేసుకున్నామనుకుంటే వడ్డీ ఇలా వచ్చింది. అప్పట్నుంచి వాణ్ని ఆ మాట ఎత్తనివ్వట్లేదు.

ఇంకొక జాగ్రత్త. ఓటములు వరసగా పడుతున్నప్పుడు ఒక్క మ్యాచ్ మానేద్దాంలే అనిపిస్తుంది. నేను మానేద్దామనుకున్నది 2024 డిసెంబరు 8, ఆదివారం పొద్దున. అప్పటికి వరసగా 16 ఓడారు. ఎదురుగా డెన్వర్ టీమ్, వాళ్ల పెద్ద ఆటగాడు జోకిచ్. దుప్పటి కప్పుకునే చూశాను. ఆయన ఒక్కడే 56 పాయింట్లు వేశాడు. అప్పటిదాకా అన్ని పాయింట్లు ఆయన ఎప్పుడూ వేయలేదట, అదీ మా మీదే. ఇటు మా టీమ్‌లో జోర్డన్ పూల్ 39 వేశాడు. చివరి నిమిషాల్లో మా ఆయన పేపర్ మడిచి చంకలో పెట్టుకుని వెనక నిలబడ్డారు, నోటమాట లేదు. 122-113. జోకిచ్ అంత వేసినా మేం గెలిచాం. పైవాటాలో అద్దెకుండే అబ్బాయి మెట్లు దిగుతూ రోజూ అడిగేదే అడిగాడు, "ఆంటీ, మళ్లీ పోయిందా?" అని. ఆ రోజు "గె" పెన్సిలుతో కాదు, పెన్నుతో రాశాను. ఫోన్ మోగితే ఎత్తి "చూశాన్రా" అన్నాను, వాడు అడక్కముందే.

జనవరిలో మళ్లీ 16 ఓడారు. భోగి మంట, సంక్రాంతి ముగ్గు, కనుమ గారెలు, అన్నీ ఓటముల మధ్యే గడిచాయి. ధనుర్మాసమంటే గుళ్లో మైకులో తిరుప్పావై వినపడుతుండగానే ఫస్ట్ క్వార్టర్ నడుస్తుంటుంది. సౌండ్ తీసేసి చూడండి, ఇబ్బందేం ఉండదు. పొంగలి ప్రసాదం హాఫ్ టైమ్‌కి అందుతుంది.

ఓడిన పొద్దున ఏం చేయాలంటే, వెంటనే పిల్లలకి ఫోన్ చేయకండి. వాళ్లకది రాత్రి, చిరాగ్గా ఉంటారు. అట్లపెనం కడుక్కోండి, గడిలో "ఓ" రాయండి, తర్వాతి మ్యాచ్ ఏ గడిలో ఉందో వేలు పెట్టి చూసుకోండి. మధ్యలో రెండు రోజులు ఖాళీ ఉంటే నిద్ర తీర్చుకోండి. సీజన్ ఆఖరి రోజు మ్యాచ్ మాత్రం వదలకండి. 2025 ఏప్రిల్ 13న అది మనకి రాత్రి 10:30కి వచ్చింది, అలారం పెట్టుకునే పని కూడా లేదు. మయామీ మీద ఒక పాయింటు వెనకబడి ఉండగా క్యారింగ్టన్ ఒకడుగు వెనక్కి వేసి కొట్టాడు. బంతి గాల్లో ఉండగానే హారన్ మోగింది. 119-118.

ఇక లేస్తాను. రేపటి మ్యాచ్ 5:30కి, పెసలింకా నానబోయలేదు.